నాయక్ ఈరేష్ ఓటు

గడప పక్కనున్న బూట్లను సౌభాగ్య మూడు రోజులుగా ముట్టుకోలేదు.

"బుధవారం పొద్దున వాకిలి ఊడ్సేకి తలుపు తీస్తే ఈడుండాయి. ఇట్లనే. కడిగి, లేసులు రెండూ కలిపి ముడేసి," అంది.

రామసుబ్బా వంగి చూశాడు. సైన్యంలో ఇచ్చే గోధుమరంగు గుడ్డ బూట్లు. మంగళవారం పొద్దున వీటినే తొడుక్కుని ఆమె భర్త, సైన్యంలో నాయక్‌గా ఉన్న ఈరేష్, తోరణగల్లు బస్సెక్కాడు. మరునాడు తెల్లారేసరికి బూట్లు వాళ్ళ ఊరు కెంచనగుడ్డకు తిరిగొచ్చాయి. మనిషి రాలేదు.

ఎంత వెతికినా ఆ బూట్ల మీద మట్టి లేదు, మరక లేదు. ఎవరో కూర్చుని, తీరిగ్గా, బ్రష్షుతో రుద్ది కడిగారు. ఆ తీరికే రామసుబ్బాకు భయం పుట్టించింది.

బళ్లారిలో ఆయన ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు ఇరవై రెండేళ్లు సైన్యం తపాలా విభాగంలో పనిచేశాడు. ఉత్తరాల మీద ముద్రలు కొట్టాడు, సంచులు కట్టాడు. తుపాకీ పేల్చింది శిక్షణలో ఉన్నప్పుడే. నిన్న సాయంత్రం ఈరేష్ తల్లి ఉచ్చంగెమ్మ బస్సు పట్టుకుని ఆయన ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. "నువ్వూ మిలిట్రీలో ఉన్నోడివే గదప్పా. మావాణ్ని వెతికిపెట్టు," అంది. ఆమె కోడలు మాత్రం ఆయన్ని చూసినప్పటి నుంచి, ఎప్పుడు వెళ్లిపోతాడా అన్నట్టుగా తలుపు పట్టుకునే నిలబడింది.

శుక్రవారం. తొమ్మిదీ ఇరవై. ఉపఎన్నిక ఓట్ల లెక్కింపుకు ఇంకా ఇరవై రెండు గంటల నలభై నిమిషాలుంది.

"కూర్చోమ్మా," అన్నాడు. "సోమవారం పోలింగు నుంచి చెప్పు. గంటలతో సహా చెప్పల్ల."

"పదింటికి బూతుకు పోయినాం, ఇద్దరమూ. నన్ను వేయనిచ్చిరి. ఆయప్పది ఈడ కుదరదనిరి. మిలిట్రీ వాళ్ళ లిస్టు వేరే ఉంటాదంట. ఓటు కాగితం కంప్యూటర్లో వాళ్ళుండే కాడికే పోతాదంట."

"అంతే. ఈరేష్‌కి రాలేదా?"

"రాలేదని అరుణాచల్‌లో వాళ్ళ యూనిట్‌కు ఫోన్ చేసె. ఆడి సారు చూసి చెప్పినాడు. ఆరో తేదీ పదకొండూ పద్నాలుక్కే ఎవరో దించుకున్నారని."

"ఆరో తేదీకి ఈరేష్ యాడుండె?"

"ఆడ్నే. సెలవు మీద ఇంటికొచ్చింది పన్నెండుకు."

రామసుబ్బా తన చిన్న నోటుబుక్కులో రెండు తేదీలూ రాసుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"కొండల్లో సిగ్నలుండదు. అందుకని మావాళ్ళు లిస్టులో ఇంటి నంబరే రాయిస్తారు. ఈరేష్ రాయించింది నీ నంబరు. ఆ కాగితం దించల్లంటే ముందు ఆ ఫోనుకు ఒక అంకె, ఓటీపీ, రావల్ల. ఆరో తేదీ పదకొండు గంటలకు నీకొచ్చిన అంకె ఎవరికి చదివి చెప్పినావమ్మా?"

సౌభాగ్య తలుపు వదిలేసి నేల మీద కూలబడింది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"దేవప్ప అన్నకు," అంది. "మాజీ హవల్దారు. తోరణగల్లులో సెంటరు పెట్టుకుని జవాన్ల ఇండ్ల కాగితాలు చూస్తాంటాడు. క్యాంటీన్ కార్డు రెన్యువలు చేస్తాండా, ఒక అంకె వస్తాది చదువు చెల్లీ అన్నాడు. చదివినా. మా ఊర్లోనే ఇంకా ముగ్గురు చదివినారు."

"ఈరేష్‌కి చెప్పినావా?"

"సోమవారం చెప్పినా. తిట్టల్యా. అన్నం కూడా తిన్నాడు. మంగళవారం ఏడూ ముక్కాలుకు బస్సెక్కె, దేవప్పని అడిగొస్తానని. పదకొండున్నరకు ఫోన్ చేసి, దిగినా అనె. పన్నెండూ ఇరవైకి నేను చేస్తే స్విచ్చాఫ్."

యాభై నిమిషాలు. రామసుబ్బా ఆ అంకె కింద గీత గీశాడు.

"ఇంకొకటుంది, నువ్వు చెప్పనిది. బూట్లు వచ్చినాక ఎవరు మాట్లాడినారు?"

ఆమె వీధి వైపు చూసింది. కాలువ గట్టు మీద ఒకడు మోటార్‌బైకు ఆపి, దాని మీదే కూర్చుని ఉన్నాడు. రామసుబ్బా వచ్చినప్పుడు అక్కడ ఎవరూ లేరు.

"పది నిమిషాలకే ఫోనొచ్చె," అంది గొంతు తగ్గించి. "శనివారం లెక్కింపు కానియ్యి, మధ్యాహ్నం వచ్చి ఆ బూట్లేసుకుంటాడు అన్నాడు. అంతలోపల ఎవరికన్నా చెప్తే బూట్లు మీకే ఉంటాయి అన్నాడు."

"దేవప్ప గొంతా?"

"కాదు. ఇది పెద్దోళ్ళ గొంతు. కోపం ల్యా, తొందర ల్యా. మనకు మంచి చెప్తాండట్ల ఉండె."

లోపలి గదిలోంచి ఉచ్చంగెమ్మ వచ్చింది. అంతా విన్నట్టుంది. ముసలామె ముఖంలో రక్తం లేదు.

"నాకెందుకు చెప్పల్యా సౌభాగ్యా? నేను పోయి ఈయప్పను పిలుచుకొస్తిని గదనే."

కోడలు అత్త చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ రామసుబ్బా వైపు చూశారు. తను ఈ ఇంట్లో అడుగుపెట్టి ముప్పై అయిదు నిమిషాలైందనీ, ఆ బైకు మీద ఉన్నవాడు అవన్నీ లెక్కబెట్టే ఉంటాడనీ ఆయనకు అప్పుడు తట్టింది.

"ఫోను చేతిలోనే పెట్టుకోండి. ఎవరు పిల్చినా యాడికీ పోవద్దండి," అని చెప్పి లేచాడు.

ఆయన బయటికి రాగానే బైకు వెళ్లిపోయింది. నంబరు పలక మీద బురద పూసి ఉంది. నాలుగు నెలలుగా చుక్క వాన పడని చోట బురద.

*

ఎన్నికల కచేరికి చేరేసరికి రెండూ అయిదు. దేవప్ప సెంటరు మంగళవారం మధ్యాహ్నం నుంచి మూసి ఉందని దారిలోనే ఫోన్ మీద తెలుసుకున్నాడు.

తపాలా ఓట్ల బాధ్యత చూస్తున్న అధికారిణి పేరు యశోద. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నిద్రలేని నలుపు. గది మూలలో స్టాండు మీద వీడియో కెమెరా ఎర్ర దీపంతో రికార్డు చేస్తూనే ఉంది. ఈరేష్ కనపడటం లేదని చెప్పగానే ఆమె కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఈరేష్ ఓటు వచ్చేసింది గదా," అంది. "పదిహేడో తేదీనే నేను తీసుకున్నా."

"అతడు పన్నెండుకే ఇంటికొచ్చినాడు గదా మేడం. ఆ కవరు చూడొచ్చునా?"

"ముట్టుకునేకి లేదు. డబ్బాలో వేసి సీలు చేసినాం. అయితే వచ్చిన ప్రతి కవరుకీ ముందూ వెనకా ఫొటో తీసి పెట్టినా. అది చూడొచ్చు."

ఆమె పద్ధతి వివరించింది. జవాను కాగితం ప్రింటు తీసి గుర్తు పెడతాడు. దాన్ని లోపలి కవరులో పెడతాడు. ఇది నేనే వేశానని పత్రం రాసి, పై అధికారి ఎదుట సంతకం చేస్తాడు. రెండింటినీ పై కవరులో పెట్టి పంపుతాడు. స్టాంపు అక్కర్లేదు. లెక్కింపు రోజు పొద్దున ఎనిమిదిలోగా వస్తేనే చెల్లుతుంది. అంతవరకూ ఎవ్వరూ విప్పరాదు.

"దుబాయిలో కూలి చేసేవాడు విమానమెక్కి వచ్చి, బూతులో పాస్‌పోర్టు చూపిస్తేగాని ఓటు లేదు. సిపాయికి మాత్రం ఈ కవరు నమ్మకం," అంది. "ఆ నమ్మకాన్ని నేను పరీక్ష చేసేకి కాదు సార్, కాపలా కాసేకి ఉండా. అయినా నాకొక అనుమానం ఉండాది. మీరే చూసి చెప్పండి."

కంప్యూటరు తెర మీద ఈరేష్ కవరు. మూలన చదరపు క్యూఆర్ కోడు. పైన గుండ్రటి నల్లముద్ర. సైన్యానికి ఉండే ఫీల్డ్ పోస్టాఫీసు 4417. పద్నాలుగో తేదీ.

రామసుబ్బా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మిగతావి చూపించండి."

ఆమె ఒక్కొక్కటిగా జరిపింది. రాజస్థాన్‌లో ఉన్న జవాను కవరు, 4417. అస్సాంలో ఉన్న జవానుది, 4417. కశ్మీరుది, 4417. మధ్యలో వేరే ముద్రలతోనూ కొన్ని వచ్చాయి. మొత్తం నూటా ఆరు కవర్లలో 4417 ముద్ర ఉన్నవి నలభై ఒకటి.

"ఇదే నా అనుమానం," అంది యశోద. "ఒకే నంబరు అన్ని ఊర్లలో ఉంటాదా?"

"ఉండదు. ఒక నంబరు ఒక్క చోటే." అన్నాడు రామసుబ్బా. "ఈ 4417లో నేను మూడేండ్లు పని చేసినా మేడం. దాన్ని మూసిన దినం తాళం వేసింది నేనే. ముద్రను సుత్తితో పగలగొట్టి, పగలగొట్టినట్ల కాగితం మీద సంతకం చేసినా. తొమ్మిదేండ్లయింది."

"మరి ఈ ముద్ర?"

"ఎవరింట్లోనో పాత ఉత్తరం దొరికింటాది. దాన్ని చూసి రబ్బరుతో చేయించినారు. ఈరోజు వచ్చిన కవర్లు ఉంటే వెనక్కి తిప్పి వెలుతురుకి ఏటవాలుగా పట్టండి."

పొద్దుటి తపాలాలో 4417 ముద్రతో వచ్చినవి రెండు బల్ల మీదే ఉన్నాయి. యశోద ఒకదాన్ని కిటికీ దగ్గర పట్టుకుంది. కాగితం వెనక వైపు నునుపుగా ఉంది.

"మా ముద్ర ఉక్కుది. కొడితే వెనక్కి ఉబ్బుతాది. ఇది అద్దింది, కొట్టింది కాదు."

క్రితం ఎన్నికలో ఈ సీటు ఇరవై ఆరు ఓట్ల తేడాతో తేలింది. ఈసారీ అంతకంటే పెద్ద తేడా ఉండదని అందరికీ తెలుసు. నలభై ఒకటి. సీటు తిప్పెయ్యడానికి అవి చాలు.

*

మూడూ పదికి తలుపు తట్టకుండా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పంపాపతి లోపలికి వచ్చాడు. స్ట్రాంగ్‌రూము బందోబస్తు ఆయనదే. రామసుబ్బాను చూసి నవ్వాడు. రెండేళ్ళ కిందట పంపాపతి ఆత్మహత్యగా మూసిన కేసును రామసుబ్బా హత్యగా తేల్చాడు. ఆ నవ్వులో అది అట్లాగే ఉంది.

"ఏంది రామసుబ్బప్పా, ఇంకా ముద్రలు లెక్కబెడ్తాండావా? సర్కారు కచేరిలో నీకేం పని?"

"ఈరేష్ తల్లి పెట్టుకునింది సార్ నన్ను."

"ఆ జవాను పారిపోయినాడు. మిలిట్రీకి తిరిగి పోయేకి మనసు లేక. యూనిట్‌కు రాసేసినా, కేసు ముగిసె."

"సెలవు ఇరవై ఎనిమిది దాకా ఉండాది. ఈరోజు ఇరవై నాలుగు. సెలవులో ఉన్నోడు పారిపోయినాడని ఎట్ల రాస్తిరి?"

"నాకు చట్టం నేర్పిస్తాండావా?"

"మంగళవారం పన్నెండూ ఇరవైకి ఫోను ఆగింది. ఆ టవరు యాడిదో అడిగినారా? దేవప్ప సెంటరు తలుపన్నా తట్టినారా?"

"తట్టల్ల అనిపిస్తే తడతా. నీ నోటుబుక్కు చూసి కాదు."

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆ నవ్వు ఇంకా పోలేదు. రామసుబ్బాకు రోషం వచ్చింది.

"పారిపోయేవాడు బూట్లు కడిగి ఇంటికి పంపి, వట్టి కాళ్ళతో పారిపోతాడా సార్?"

పంపాపతి నవ్వు ఆపాడు.

"బూట్లా," అన్నాడు మెల్లగా. "ఆయమ్మ నీకు బూట్ల సంగతి చెప్పిందా."

అడిగినట్టు లేదు. రాసుకున్నట్టుంది. రామసుబ్బా నోరు మూసుకున్నాడు గాని ఆలస్యమైపోయింది.

"తపాలా వచ్చే టైమయింది," అంది యశోద. "నా గదిలో తపాలా కట్ట విప్పేటప్పుడు పిస్తోలుతో ఎవరూ ఉండకూడదని చెప్పినా గదా సార్. రోజూ మాదిరే వరండాలో కూర్చోండి."

పంపాపతి టోపీ సర్దుకుని బయటికి నడిచాడు.

"రోజూ వస్తాడా?" అని అడిగాడు రామసుబ్బా.

"బుధవారం నుంచి. తపాలా వచ్చే టైముకే వస్తాడు. వచ్చిన పేర్లు అడుగుతాడు. బందోబస్తుకేమో అనుకున్నా."

*

మూడూ ముప్పై రెండుకు తపాలా వచ్చింది. పురికొసతో కట్టిన చిన్న కట్ట. పోస్టుమాను సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. యశోద కెమెరా ముందు నిలబడి పురికొస కత్తిరించి, ఒక్కొక్క కవరూ పేరు చదువుతూ కింద పెట్టింది. నాలుగోది చేతిలోకి తీసుకుని చదవకుండా ఆగిపోయింది.

"ఈరేష్," అంది.

అదే పేరు, అదే చదరపు కోడు. ఒకే లేబులును రెండుసార్లు ప్రింటు తీసి ఉంటారు. కానీ దీని మీద 4417 లేదు. తోరణగల్లు పోస్టాఫీసు ముద్ర ఉంది, వెనక్కి ఉబ్బేంత గట్టిగా. తేదీ ఇరవై ఒకటి, మంగళవారం. కవరు మిగతా వాటికంటే మూడింతలు లావుగా ఉంది. హడావిడిగా గమ్ము పూసి, అది చాలదని అంచున మందంగా టేపు అంటించారు.

రామసుబ్బాకు ఆ యాభై నిమిషాలు కళ్ళకు కట్టాయి. ఈరేష్ సెంటరులోకి పోయాడు. తన పేరుతో లేబుళ్ళు, పక్కన నలభై మంది పేర్లు చూశాడు. చేతికి దొరికిన కాగితాలు లాక్కున్నాడు. వెంట పడుతున్నారని తెలిసింది. ఫోను లాక్కోవచ్చు, జేబులు వెతకొచ్చు. స్టాంపు అక్కర్లేని, మధ్యలో ఎవరూ విప్పరాని, నేరుగా ఎన్నికల అధికారి బల్ల మీదకు చేరే కవరు ఒక్కటే ఉంది. దాంట్లో అన్నీ కుక్కి పోస్టుడబ్బాలో వేశాడు. ఆ తర్వాతే దొరికాడు.

"మేడం, ఆయప్ప ఓటు వేయల్యా. సాక్ష్యం వేసినాడు."

"నేను విప్పేకి లేదు," అంది యశోద. "రేపు ఎనిమిదికి స్కాన్ చేస్తే రెండూ ఒకటేనని కంప్యూటరు పట్టుకుంటాది. అన్ని పార్టీల ఏజెంట్లూ చూస్తారు. అప్పుడు పెద్ద అధికారి తేలుస్తాడు. అంతవరకూ నేను విప్పితే ఈ కవరే చెల్లదంటారు."

"విప్పొద్దండి. రిజిస్టర్లో ఎక్కించండి."

ఆమె కవరును పేరు కనపడకుండా బోర్లా, మిగతా వాటికి దూరంగా పెట్టి కలం తీసుకుంది. అప్పుడే తలుపు తెరుచుకుంది. పంపాపతి రెండడుగులు వేసి, బల్ల మీద విడిగా ఉన్న కవరు వైపు చెయ్యి చాచాడు.

"ఇదేనా ఆయప్ప రెండో కవరు? ఇట్లియ్యండి మేడం. పారిపోయిన జవాను కేసులో సాక్ష్యం. రసీదు రాసిస్తా."

యశోద కవరు మీద అరచెయ్యి పెట్టింది. కలం ఇంకా రిజిస్టరును తాకలేదు. కట్ట విప్పింది ఆమె. చూసింది ఆమె, రామసుబ్బా, కెమెరా. రామసుబ్బా మాట్లాడొద్దని ఆమెకు కళ్ళతో చెప్పాలని చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"రెండోదని మీకెట్ల తెలుసు?" అని అడిగింది.

పంపాపతి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఊరికే అన్నా," అన్నాడు పంపాపతి. కోపం లేదు. తొందర లేదు. "ఆడమనిషివి. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. మీ మంచికే చెప్తాండా."

యశోద లేచి నిలబడింది. భయంతో పెదాలు తెల్లబడ్డాయి గాని, కవరు రెండు చేతులతో పట్టుకుని కెమెరా దగ్గరికి నడిచి, ఎర్ర దీపం కేసి చూస్తూ గట్టిగా చదివింది. నాయక్ ఈరేష్. వరుస సంఖ్య. వచ్చిన సమయం మూడూ ముప్పై రెండు. ఇదే పేరుతో రెండో కవరు. ఇన్‌స్పెక్టర్ పంపాపతి అడిగినారు, నియమం ప్రకారం ఇవ్వలేదు. తర్వాత కవరును ఇనుప డబ్బా సందులో వేసింది. అది లోపల పడిన చప్పుడు ముగ్గురూ విన్నారు.

పంపాపతి ఆమె వైపు చూడలేదు. రామసుబ్బాను ఒకసారి కింది నుంచి పైదాకా చూసి వరండాలోకి వెళ్ళాడు. గాజు తలుపు అవతల ఫోను చెవికి పెట్టుకుని రెండు మూడు మాటలు మాట్లాడటం కనపడింది. పెదాలు పెద్దగా కదల్లేదు.

"కవరు మిగిలింది," అంది యశోద, కుర్చీలో కూలబడుతూ.

"కవరు మిగిలింది," అన్నాడు రామసుబ్బా. ఇక దాన్ని ఎవరూ తీసుకోలేరు. అంటే ఈరేష్‌ను బతికించి ఉంచడానికి వాళ్ళకు ఇంకేం కారణం మిగిలింది? పంపాపతికి ఇప్పుడు కవరుతో పనిలేదు. రేపు ఎనిమిదికి ఆ కాగితాలు ఎవరివో, ఎక్కడివో చెప్పగలిగే నోళ్ళతోనే పని. అంకె చదివిన నోరు. బెదిరింపు విన్న చెవి. బైకువాడు చెప్పినా, ఆమె బూట్ల సంగతి బయటపెట్టిందని అతడికి తెలియదు, మూడూ పది దాకా. చెప్పింది తనే. ఒక నవ్వు భరించలేక.

ఫోను తీసి సౌభాగ్య నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు. నాలుగూ మూడు. మూడోసారికి ఎత్తింది.

"సార్, నేనే చేద్దామనుకుంటాంటి." ఆయాసపడుతోంది. పొద్దున లేని ప్రాణం ఆ గొంతులో ఉంది. "ఆయప్ప దొరికినాడంట సార్. బతికే ఉండాడంట. ఆస్పత్రిలో ఉండాడని పోలీసోళ్ళు వచ్చినారు."

"సౌభాగ్యా, విను. ఆ జీపు ఎక్కొద్దు. అత్తమ్మని పట్టుకుని పక్కింట్లోకి పో. అరువు, ఊరందరికీ వినపడేట్ల అరువు."

అవతల ఇంజను రొద. ఎవరో మగమనిషి, బూట్లు కూడా తీసుకున్నామమ్మా అని మర్యాదగా చెప్పడం వినపడింది.

"ఏమంటాండారు సార్? గాలికి వినపడల్యా," అంది సౌభాగ్య. "ఎక్కేసినాం ఇద్దరమూ. బండి ఊరు దాటింది."